మిరియాలు నీవి, మీగడ నాది

మా తమ్ముడు విశాఖపట్నంలో ఒక పెద్ద హోటల్లో వంటవాడు. సెలవు మీద బరంపురం వచ్చినప్పుడల్లా మా ఆవిడ వంటింట్లో ఏదో ఒక పరాయి వంట చేసి తీరాలి వాడికి. ఈసారి పెప్పర్ స్టేక్ అన్నాడు. మందంగా కోసిన మాంసం ముక్కకి కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు అద్ది, కాలే పెనం మీద రెండు పక్కలా ఎర్రగా కాల్చి, అదే పెనంలో మీగడ పోసి చిక్కబరిచి పైన పోస్తారు. ఫ్రెంచి వంటకం. ఎవరు ముందు చేశారన్నది పారిస్ వంటవాళ్ల మధ్యే తేలని తగువు. మా ఇంట్లో తగువు వేరే. నేను ఆవిడకి మొగుణ్ణి, వాడికి అన్నని. ఎవరి పక్షం మాట్లాడినా రెండోవాళ్ల చేతి వంట మీద ఆశ వదులుకోవాలి గనక, చెవులప్పగించి కూర్చున్నాను.

వదిన: ముందు ఏ మాంసమో చెప్పు. మిరియాలూ మీగడా తర్వాత.

మరిది: హోటళ్లలో స్టేక్ అంటే మన దేశంలో చాలాచోట్ల గేదె మాంసమే వదినా. ఇక్కడ ఆ ఊసెందుకు? ఆవు మాంసమా, ఒడిశాలో 1960 నుంచి గోవధ నిషేధ చట్టం ఉంది. చట్టం మాట అటుంచు, నీ పొయ్యి మీదికి ఆ రెండూ ఎలాగూ రావు. ఖాసీ మేక మాంసంతోనే చేస్తాను.

వదిన: ఖాసీ మాంసాన్ని అయిదు నిమిషాలు కాల్చి పెడతావా? కుక్కర్లో అన్నేసి విజిళ్లు వేస్తేగాని పంటికి లొంగని దాన్ని! గంజాం మేకని ఎప్పుడైనా సరిగ్గా చూశావా? అంతంత పొడుగు కాళ్లు. గొల్లలు మందల్ని తోలుకుని కొండా కోనా తిప్పుతారు. రోజంతా నడిచే జంతువు అది. కట్టేసి గడ్డి మేపిన గొడ్డు కాదు.

(ఆవిడ అన్నది నిజం. గంజాం మేక దేశవాళీ మేకల్లో పేరున్న జాతి. గంజాం పేరుతోనే పశుసంవర్ధక శాఖ లెక్కల్లో ఉంది. మాంసం కోసమే పెంచుతారు.)

మరిది: నడక ఒక్కటే కాదు, మనం కొనే వేళ కూడా కారణం. తెల్లారి కోస్తాడు, ఎనిమిదింటికి మనం సంచీలో వేసుకొస్తాం, పదకొండుకి పొయ్యి మీద. కోసిన కొద్ది గంటల్లో కండ బిగుసుకుపోతుంది. కండలో శక్తి అయిపోయాక పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు. సరిగ్గా మాంసం అన్నిటికంటే గట్టిగా ఉండే వేళ చూసి మనం వండుతున్నాం. ఆ బిగువు సడలాలంటే చల్లగా ఒకటి రెండు రోజులు ఉంచాలి. కండలో ఉండే ఎంజైములే పోగుల్ని కొరికి మెత్తబరుస్తాయి. తెల్లవాళ్ల కసాయి కొట్లలో వారాల తరబడి వేలాడదీసేది అందుకే.

వదిన: మా అమ్మ పచ్చి బొప్పాయి తురుము రాసేది. నీ ఎంజైములు దానికంటే గొప్పవా?

మరిది: బొప్పాయి కూరకి మంచిదే. ముక్క పైపైన పనిచేస్తుంది. కాల్చే ముక్కకి రాస్తే పైన పేస్టు, లోపల చెప్పుతోలు. ఇలా చేద్దాం. వెన్నుపూసకి రెండు పక్కలా పొడుగ్గా ఉంటుంది చూడు, ఆ కండ మేకలో తక్కువ కష్టపడేది. దాన్ని ఎముక మీంచి తియ్యకుండా, నడుం భాగం మొత్తం ఒకే ముక్కగా కొట్టమందాం. ఎముకని అంటుకుని ఉంటే చలికి కండ కుంచించుకుపోదు. ఫ్రీజర్లో కాదు, కింద, ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీల దగ్గర రెండు రోజులు.

వదిన: రెండు రోజులు. ఏ రెండు రోజులు?

మరిది: శుక్రవారం తెచ్చి ఆదివారం వండుతాను.

వదిన: శనివారం నా ఫ్రిజ్‌లో మాంసమా!

ఇక్కడ వాడి చదువంతా ఆగిపోయింది. సోమవారం శివుడిది, శనివారం వెంకన్నది. గురువారం ఎవరిదో బరంపురంలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. మార్గశిరంలో ఒడియా ఇరుగుపొరుగు మాణబస గురువారం చేస్తూ గుమ్మం ముందు బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు వేస్తుంటే, తెలుగు ఇల్లాలు మాత్రం నీసు వండుతుందా? మా ఆవిడ ఆ మాసానికే కాక ఏడాది పొడుగునా గురువారాల్ని లక్ష్మికి రాసిచ్చేసింది. అంటే మా ఇంట్లో మాంసం ఫ్రిజ్‌లో నిద్ర చెయ్యగల రాత్రి వారానికి ఒక్కటే: మంగళవారం రాత్రి. మంగళవారం పొద్దున్న తెచ్చి, బుధవారం రాత్రి వండాలి. తమ్ముడు వేళ్లు మడిచి ముప్పయ్యారు గంటలు లెక్కేసుకుని, సరే, మేక చిన్న జంతువే కదా, చాలు అన్నాడు. చాలుతుందనే నేనూ అనుకున్నాను. వారాలు వేలాడదీయడం పెద్ద గొడ్డు కండకి అవసరం, లేత ఖాసీకి కాదు.

వదిన: తెచ్చాక పసుపు నీళ్లతో కడుగుతాను. కాదంటే కుదరదు. ఆ కొట్లో ఈగలు నీకంటే నాకు బాగా తెలుసు.

మరిది: మంగళవారం కడుగు, ఎన్నిసార్లయినా. కానీ కడిగాక బట్టతో తుడిచి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఆరనివ్వాలి. వండే ముందు మాత్రం నీళ్లు తగలకూడదు. పైన తడి ఉన్నంతసేపూ పెనం వేడంతా నీళ్లు ఇగర్చడానికే పోతుంది. నీళ్లు 100 డిగ్రీలు దాటవు. మాంసం ఎర్రబడి ఆ వాసన రావాలంటే 140 దాటాలి. మైయార్ అనే ఫ్రెంచాయన 1912లో చెప్పింది ఈ సంగతే. మాంసకృత్తుల ముక్కలూ చక్కెరలూ వేడికి కలిసి ఆ రంగునీ రుచినీ పుట్టిస్తాయి.

వదిన: ఉల్లిపాయలు ఎర్రగా వేయించినప్పుడు జరిగేదేనా?

మరిది: ఇంచుమించు అదే.

వదిన: మరి దానికి ఫ్రెంచాయన ఎందుకు?

మిరియాల దగ్గర నేను గట్టి పోట్లాట ఊహించాను. రాలేదు. దారింగబాడి నుంచి వచ్చిన మిరియాలు ఇంట్లో ఉన్నాయి. కంధమాల్ కొండల్లో ఆ ఊళ్లో కాఫీ తోటలున్నాయి. అరకులో లాగే అక్కడా సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మిరియపు తీగ పాకిస్తారు. పసుపుకి పేరుపడ్డ జిల్లా, మిరియం వెనకాలే వస్తోంది. మా ఆవిడ గుప్పెడు తీసి రోట్లో వేసి, పొత్రం ఎత్తి కొట్టకుండా ఒక పక్కకి వాల్చి నొక్కింది. ఒక్కో గింజా పటుక్కుమని మూడు నాలుగు చెక్కలయింది. తమ్ముడు ఆ చెక్కల్ని టీ వడకట్టే జల్లెడలో పోసి తట్టాడు. సన్నటి నలుసు కింద పడింది, చెక్కలు పైన మిగిలాయి.

వదిన: ఆ నలుసు పారబొయ్యకు.

మరిది: పారబొయ్యను, సాస్‌లోకి. నలుసు మాంసానికి పట్టిస్తే ముందు అదే మాడి చేదెక్కుతుంది. చెక్కలయితే ఓర్చుకుంటాయి. ఇంకో సంగతి. ఒక పక్కకే అద్దుతాను. మిరియం లేని పక్క ముందు కాల్చి, మిరియాల పక్క తర్వాత, మంట తగ్గించి.

వదిన: ఇంత తతంగం దేనికి? చారులో నేను మిరియం దించే ముందు వేస్తాను. వాసన దానంతట అదే నిలుస్తుంది.

మరిది: వాసన నూనెలు ఆవిరయిపోతాయి గనక ఆఖర్న వేస్తున్నావు. ఘాటు వేరే. అది పైపరిన్‌ది. ఎంత మరిగినా ఘాటు పోదు. అందుకే రెండుసార్లు వెయ్యాలి, చెక్క కాలడానికి, నలుసు వాసనకి.

వదిన: ఇది మాత్రం ఒప్పుకుంటాను. హోటల్లో నేర్చుకున్న మాటల్లో ఇదొక్కటే వంటవాడి మాట.

తర్వాత పెనం. తమ్ముడి చెయ్యి అలవాటుగా గోడకి తగిలించిన అట్ల పెనం మీదికి పోయింది. దళసరి ఇనప పెనం, ఏళ్ల తరబడి నూనె పీల్చి నల్లగా నిగనిగలాడుతోంది. స్టేక్‌కి అంతకంటే మంచి పెనం ప్రపంచంలో లేదన్నాడు, నిజాయితీగానే. మా ఆవిడ ఏమీ అనలేదు. పెనాన్ని తీసి, పడగ్గదిలో బీరువా మీద పెట్టి వచ్చింది. అట్టుకి మేక కొవ్వు వాసన అంటితే ఇక దాన్ని అట్ల పెనం అనరు. వాడు బజారుకి వెళ్లి ఒక ఇనప మూకుడు కొనుక్కొచ్చాడు. ఆ మూకుడు ఇప్పటికీ వాడి పేరు మీదే ఉంది.

వదిన: ఈ తిండి మనదేటి, దొరలది. గోపాలపూర్ హోటల్లో తినేవారు.

మరిది: గోపాలపూర్ ఎవరిది మరి? ఇటలీ దొర ఒకడు 1914లో అక్కడ సముద్రపు ఒడ్డున హోటల్ కట్టాడు. రంగూన్ స్టీమర్లకి మన గంజాం కూలీలు ఎక్కిన రేవు అదే. తినేది దొరలే కావచ్చు, వండింది ఎవరు? 1936 ఏప్రిల్‌లో ఒడిశా విడిపోయేదాకా మనం మద్రాసు ప్రెసిడెన్సీయే. ఆ కాలంలో కెన్నీ హెర్బర్ట్ అనే కల్నలు ఒకాయన ‘వైవర్న్’ అని పేరు పెట్టుకుని 1878లో మద్రాసు దొరల వంట మీద పుస్తకం వేశాడు. ఫ్రెంచి సాసులంటే ఆయనకి ప్రాణం. అందులో వంటవాడికి పేరు కూడా లేదు, ఎవరైనా ‘రామసామే’. సాస్ ఎలా తియ్యాలో దొర రాశాడు, తీసింది రామసామి. మనవాళ్ల చేతికి కొత్తేమీ కాదు వదినా.

వదిన: చేతికి తెలుసు, ఇంటికి రాలేదు. ఎందుకు రాలేదో ఆలోచించావా?

దీనికి వాడి దగ్గర జవాబు లేదు. నాకు తోచింది చెప్తాను. దొరల బంగళాలో వంటిల్లు ఇంటికి దూరంగా పెరట్లో ఉండేది. అక్కడ వండినవాడు సాయంత్రం తన ఇంటికి వెళ్లి చేతులు కడుక్కుని తన వంట తినేవాడు. నేర్పు అతని బతుకుతెరువు, తిండి కాదు. ఇచ్చిపుచ్చుకోవడం అటువైపు నుంచే ఎక్కువ జరిగింది. మన దక్షిణాది మిరియాల చారుని దొరలు తీసుకుని, అందులో మాంసం వేసి, మలిగటానీ సూపు అని లండన్ దాకా మోసుకుపోయారు. మిరియమూ మాంసమూ కలపడం మనకి తెలియదని కాదు. వేపుడులో కలుపుతూనే ఉన్నాం. మధ్యలో మీగడ వచ్చి కూర్చోవడమే మింగుడు పడలేదు. తగువు కూడా అక్కడే ముదిరింది.

వదిన: పాలతో మాంసం విరుద్ధం. చరకుడు చెప్పాడు.

మరిది: చరకుడు గట్టిగా వద్దన్నది పాలతో చేపల్ని.

వదిన: చేపలు వద్దన్నాయన మాంసం తినమన్నాడా?

మరిది: మరి నువ్వు మాంసంలో పెరుగు కలిపి నానబెట్టడం లేదూ? ఒడియావాళ్ల మాంసొ కషాలో పెరుగుంది. నవాబుల కుర్మాలో మీగడే ఉంది.

వదిన: పెరుగు పులిసింది, దాని గుణం వేరు. నవాబులు ఏం తిని ఎలా అరిగించుకున్నారో నాకేటి తెలుసు? అది సరే, నీకు ఎంత మీగడ కావాలి?

మరిది: కప్పు.

వదిన: కప్పు మీగడ అంటే మన ఇంట్లో నాలుగు రోజుల మీగడ. ఈ వారం నెయ్యి కాచినట్టే! బజార్లో డబ్బాలో దొరుకుతుంది, కొనుక్కో.

మరిది: డబ్బా క్రీములో కొవ్వు 25 శాతం. ఎక్కువ మరిగిస్తే విరిగేలా ఉంటుంది. కొవ్వు ఎంత ఎక్కువుంటే సాస్ అంత నిలుస్తుంది. మీగడలో పాల మాంసకృత్తులు తక్కువ, కొవ్వు ఎక్కువ. ఉడికినా ముద్దలు కట్టదు. గేదె పాల మీద కట్టిన నీ మీగడ ఆ డబ్బా కంటే చిక్కన. కాకపోతే తరకలు తరకలుగా ఉంటుంది, రెండు చెంచాల పాలు పోసి చిలకాలి. తోడు పెట్టని మీగడ కావాలి.

వదిన: ఒక్క మాటకి జవాబు చెప్పు, మీగడ ఇస్తాను. మాంసానికి దాని రుచి దానికుంది. పైన ఈ తెల్ల దుప్పటి ఎందుకు?

ఈ ప్రశ్నకి వాడు చెప్పిన జవాబు నాకు నచ్చింది.

మరిది: మేక కొవ్వు ఎక్కడ ఉంటుంది? కడుపులో, మూత్రపిండాల చుట్టూ. కండలోకి అల్లుకోదు. నువ్వు కూర వండితే ఆ కొవ్వు ముక్కలు కూడా వేసి గంటసేపు ఉడికిస్తావు, పులుసులోకి దిగుతుంది. నేను ఒట్టి కండని అయిదు నిమిషాలు కాలుస్తున్నాను. దానికి కొవ్వు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఫ్రాన్సులో కూడా ఈ సాస్ తరచుగా పోసేది కొవ్వులేని లేత కండ ముక్క మీదే. కొవ్వున్న ముక్కకి ఉప్పు చాలు. మీగడ దుప్పటి కాదు వదినా, మేక తనలో పెట్టుకోని కొవ్వుని మనం బయట్నుంచి ఇస్తున్నాం.

వదిన: అయితే ఎముకల్ని కూడా ఊరికే పోనివ్వకు.

బుధవారం సాయంత్రం నడుం ముక్క బయటికి తీసేసరికి పైపొర ఆరి, ముదురు రంగుకి తిరిగి, వేలికి అంటకుండా ఉంది. తమ్ముడు వెన్నెముకని ఆనుకుని కత్తి దింపి రెండు కండల్నీ పొడుగ్గా ఊడదీశాడు. మణికట్టు లావు కూడా లేవు. ఒక్క మేకకి ఇంతే వస్తుంది. అందుకే ఇది వారం వారం చేసుకునే వంట కాదు, పదిమందిని పిలిచి పెట్టే వంట అసలే కాదు. వాటిని రెండంగుళాల ముక్కలుగా కోసి, నిలబెట్టి, అరచేత్తో కాస్త అదిమి, ఉప్పు రాసి పక్కన పెట్టాడు. మిగిలిన బొమికలు మా ఆవిడ తీసుకుంది. మామూలుగా అయితే బొమికల పులుసు అయ్యేవి. ఈసారి ఎర్రగా వేయించి, నీళ్లు పోసి, రెండు గంటలు సన్న సెగ మీద కాచి, గిన్నెడు రసం కప్పుడయ్యేదాకా ఇగర్చింది. ఫ్రెంచివాళ్లు ఇక్కడ బ్రాందీ పోసి మంట లేపుతారట. మా ఇంట్లో ఆ ప్రస్తావన గడప దాటలేదు.

మూకుడు పొగ పట్టాక చెంచాడు నూనె వేసి ముక్కలు పరిచాడు. చుయ్‌మన్నాయి. వాడు కదపలేదు. మా ఆవిడ చెయ్యి రెండుసార్లు గరిట దాకా వెళ్లి వెనక్కొచ్చింది. రెండున్నర నిమిషాలకి తిప్పితే కింది పక్క ఇటుక రంగు తిరిగి ఉంది. మంట తగ్గించి మిరియాల పక్క కాల్చి, పళ్లెంలోకి తీసి పెట్టాడు.

వదిన: లోపల ఎర్రగా ఉంటే నేను తినను. పిల్లలకి పెట్టను.

మరిది: నెత్తురోడేలా నేనూ పెట్టను. కొయ్యని నిండు కండలో క్రిములు పైపైనే ఉంటాయి, అవి పెనం మీదే చచ్చాయి. అయినా ముక్క నడిమధ్య 63 డిగ్రీలు దాటించి, మూడు నిమిషాలు ఆపితే నిశ్చింత. నా దగ్గర గుచ్చి చూసే థర్మామీటరు ఉంది. చూడు, 66. లేత గులాబీ రంగు ఉంటుంది, అంతే.

వదిన: గులాబీ రంగు నీకు పెట్టుకో. నావి మళ్లీ పెనం మీద వెయ్యి.

వేశాడు. గట్టిపడతాయని గొణిగాడు, వేశాడు.

మూకుడు అడుగున నల్లగా గోధుమరంగుగా పెచ్చు కట్టి ఉంది. సన్నగా తరిగిన ఉల్లిపాయ అందులో వేసి మగ్గించి, బొమికల రసం పోసి చెక్క గరిటతో అడుగు గీకాడు. మా ఆవిడ మొహం అప్పుడు విప్పారింది. వేపుడు అడుగంటబోతుంటే నీళ్లు చిలకరించి గీకి కలపడం ఆవిడ రోజూ చేసే పనే. రసం సగమయ్యాక చిలికిన మీగడ పోసి, మంట బాగా తగ్గించి, గరిట వెనక పూతలా పట్టేదాకా తిప్పాడు. ముక్కలు ఉంచిన పళ్లెంలో ఊరిన రసం, జల్లెడ కింది మిరియం నలుసు ఆఖర్న. పులుపు వెయ్యబోతే మా ఆవిడే ఆపింది, విరుగుతుందని. వాడు నాలుగు చుక్కలే అన్నాడు, పొయ్యి దించాక వేశాడు, విరగలేదు.

తిన్నాక ఆవిడ మాంసం గురించి ఒక్క మాటే అంది. “లొంగింది.” సాస్ సంగతి వేరు. తమ్ముడు బంగాళాదుంపలూ బ్రెడ్డూ సిద్ధం చేసుకున్నాడు. ఆవిడ వేడి అన్నం తెచ్చి మూకుట్లో మిగిలిన సాస్ అందులో కలిపి పిల్లలకి పెట్టి, పక్కన బరంపురం అప్పడాలు వేయించింది. వాడు అడ్డుపడబోయాడు గానీ, వాడి కంచంలోనూ అన్నం పడింది.

వదిన: ఇంత చేస్తే మీ మేక ముక్కలు నాలుగు నోళ్లకి రాలేదు. ఈ సాస్‌లో చిలికా రొయ్యలు వేస్తే?

మరిది: రొయ్యలా! చరకుణ్ణి పట్టుకొచ్చింది నువ్వు కాదూ? పాలతో చేపలు విరుద్ధం కదా?

వదిన: రొయ్య చేప కాదు.

మరిది: రెండు నిమిషాల కంటే ఎక్కువ ఉంచితే రబ్బరయిపోతాయి, ముందే చెప్తున్నాను.

వదిన: రొయ్యలు వండటం నువ్వు నాకు చెప్తావా?